సీరియస్

ఫోన్లో కేదారి ఒక్క ముక్కే అన్నాడు:
"దండాసి గురువు సీరియస్."
పర్లాకిమిడి బజారు రొదలో
మిగతాది ఏటన్నాడో వినబళ్ళేదు.

సీరియస్సే అవుతాడు మరి.
కత్తెర పట్టడం నేర్పినాయన కొట్టుకి ఎదురుగా
నా కొట్టు తెరిచి పది రోజులే.
పైగా ఆయన పాత గిరాకీ, ఆ ఒడియా మాస్టారు,
సఫారీ గుడ్డ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

కోపం చల్లారనీ అనుకున్నాను.
చల్లారనీ, చల్లారనీ అనుకుంటూ
రెండు రోజులు కాజాలు కుట్టాను.
ఎదుటి కొట్టు తలుపులు వేసే ఉన్నాయి.
నా మొహం చూడ్డం ఇష్టం లేక కాబోలు,
అదీ నా లెక్కకే సరిపోయింది.

మూడో నాడు కేదారి పెళ్ళాం
జాకెట్టు గుడ్డతో వచ్చి "చూసొచ్చావా?" అంది.
"ఎక్కడ?"
"బరంపురం పెద్దాసుపత్రిలో."

అప్పుడా మాట
తిరగేసిన చొక్కాలా
లోపలి కుట్లన్నీ చూపించింది.

బస్సెక్కాక గాని తెలీలేదు
కొలతల టేపు మెళ్ళోనే ఉందని.

వార్డు గుమ్మంలో నర్సమ్మ
"ఏబె సీరియస్ నాహిఁ" అని నవ్వింది.
ఇంక లేదట, ఆ సీరియస్.

గురువు కళ్ళు తెరిచాడు.
నన్ను కాదు, టేపుని చూశాడు.
"ఆ సఫారీకి భుజం ఎంత పెట్టావురా?"
చెప్పాను.
అరంగుళం ఎక్కువట.
మూతి బిగించి గోడవైపు తిరిగిపోయాడు.

వరండాలోకొచ్చి
ఆనందం పట్టలేక కేదారికి ఫోన్ చేశాను:
"ఒరే, గురువు సీరియస్ అయ్యాడ్రా!"

అటువైపు
ఏడుపు మొదలైంది.