దరఖాస్తుదారు పేరు

బోర్డు మీద అక్షరాలు నేనే రాశాను.
ఇక్కడ ఒక్క గడ్డిపోచ కూడా కోయరాదు.
ఆకుపచ్చ మీద తెలుపు,
కింద చిన్నగా: ప్రిఫెక్చర్ ప్రకృతి ఉద్యానం.
రంగింకా ఆరలేదు,
వెనక కొడవలి నూరుతున్న చప్పుడు.

షినోమియా ఫుసాయే. అప్పటికి అరవై ఎనిమిదేళ్లు.
వేలు పెట్టి చదివింది, పైనుంచి కిందికి.
"చేతిరాత బావుంది" అంది.
"కోయకపోతే గడ్డి ఎట్లా ఉంటుందయ్యా ఇక్కడ?"

నా దగ్గర పటం ఉంది,
చట్టం ప్రతి ఉంది, ఎలుగుబంట్లకి గంట ఉంది.
జవాబు లేదు.

జాతీయ ఉద్యానాలకి టోక్యో నుంచి మనుషులొస్తారు.
మా మెట్టకి నేనొక్కణ్ణే,
తలుపు సరిగ్గా పడని ఓ తెల్ల ట్రక్కూ.
బడ్జెట్టులో మాదొక పంక్తి,
అదీ వంతెనల మరమ్మతుల కింద.

మోపు కడుతూ చెప్పింది ఆమె:
మార్చిలో తగలబెట్టాలి, నవంబరులో కోయాలి.
మూడేళ్లు వదిలేస్తే పొద,
పదేళ్లకి చెట్టు,
ముప్పయ్యేళ్లకి ఇక్కడ వెలుతురుండేదంటే
నమ్మేవాడుండడు.
నేను కాపలా కాస్తున్నది అడవికి కాదని,
కొన్ని వందల ఏళ్ల కొడవళ్లకని
అప్పుడు తెలిసింది.

అందుకని ఒక దరఖాస్తు తయారు చేశాను.
పరిమాణం అన్నచోట ఆమె రాసింది:
నా వీపు మోసినంత.
పెద్దాఫీసు తిప్పి పంపింది. కిలోల్లో తెలుపగలరు.

తూకం మీద నిలబెట్టాను,
మోపుతో ఒకసారి, మోపు లేకుండా ఒకసారి.
ఇరవై మూడు.
"మా అత్తగారు ముప్పై మోసేది" అంది, కాస్త సిగ్గుపడి.

దిగే దారిలో మోపు దించుకునే రాయి ఉంది.
ఎందరి బరువులకో నడుము లోతు అరిగింది.
సాంస్కృతిక సంపద, సంఖ్య పద్నాలుగు.
తాకరాదు.
దాని చుట్టూ కంచె వేయించిందీ నేనే.
ఆమె కంచె దాటి, రాతికి వీపు ఆనించి,
"సంఖ్య పద్నాలుగు, బావున్నావా" అనేది.
నేను అటు తిరిగి పిట్టల్ని లెక్కపెట్టేవాణ్ణి.

ఇరవై మూడు. ఇరవై ఒకటి. పంతొమ్మిది.
మధ్యలో ఒక ఏడు మళ్లీ ఇరవై, పంతానికి.
పద్నాలుగు. తొమ్మిది.
ఆఫీసు ఫైలులో గడ్డి లెక్కలవి.
ఒక మనిషి వెన్నెముక కూడా అందులోనే ఉందని
ఆడిటరు గమనించలేదు.

నిరుడు ఆ గడి ఖాళీ.
తుంటి విరిగి కింద పట్నంలో వృద్ధుల ఆశ్రమంలో ఉంది.
దరఖాస్తు పట్టుకెళ్లాను, అలవాటుగా.
ఆమె చూడలేదు దానివంక.
మంచం కింద వార్తాపత్రికలో చుట్టిన కొడవలి:
నర్సుకి ఏం చెప్పి దాచిందో.
"నీది ఎడమచేతి వాటం కదూ" అంది.
"ఇది కుడిచేతిది. వంకర పోతుంది. పోనీ."

గుడి కప్పు ఉత్తరం వైపు
నాచు పట్టి కుంగుతోంది.
దానికి రెండు వేల కట్టలు కావాలి.
నాకొచ్చినవి
నాలుగు రోజుల్లో ముప్పై ఒకటి.
వంకరే పోయింది. రెల్లు నా మాట వినలేదు,
మోకాలి మీద కోసింది నన్నే.

ఆమె ఎప్పుడూ రిందో పువ్వు చుట్టూ
గిన్నె వెడల్పు గడ్డి వదిలేసేది.
నాకు మంచులో కనబడలేదు.
కట్ట విప్పినప్పుడు బయటపడింది
నీలంగా, ఇంకా విచ్చుకునే.

దరఖాస్తు నింపాను.
దరఖాస్తుదారు: కజితాని మొరియో.
అనుమతించినవారు: కజితాని మొరియో.
ఒకే ముద్ర, రెండు చోట్ల.
పరిమాణం: ఆఖరి మోపు, పదకొండు కిలోలు.
నష్టం అన్న గడిలో
ఇన్నేళ్లుగా అడ్డగీత గీస్తూ వచ్చాను.
ఈసారి రాశాను. ఒకటి.

పెద్దాఫీసు నుంచి ఫోను.
రెండు పేర్లూ ఒకటే, పొరపాటా అని.
కాదన్నాను.

కిటికీలోంచి బోర్డు కనిపిస్తోంది.
'కూడా' దగ్గర రంగు లేచిపోయింది.
వేయాలి. మార్చి తర్వాత చూద్దాం,
మంటలయ్యాక.