పావు డబ్బా నీలం

రాజాం, పాలకొండ రోడ్డు,
రేకుల షెడ్డు నాది.
ఇక్కడ చాలా ఇంజన్లు నోరు విప్పేయి,
నేను విప్పలేదు.

దాలినాయుడిది ఫోర్డు.
ఆయన బండి అనడు, ఫోర్డు అనడు,
"మాది" అంటాడు, అంతే.
ఆయుధపూజకి దానికి బంతిపూలు కట్టనివ్వడు,
దడి మీది శంఖుపూలు ఏరించి
నీలానికి నీలం గుచ్చిస్తాడు.
హుద్‌హుద్ రాత్రి
ఇంటికని కొన్న టార్పాలిన్ బానెట్ మీద కప్పేడు.
ఇంట్లోవాళ్లు తడిసేరు.
ఆ సంగతి ఆయన భార్య ఇప్పటికీ
కూర వడ్డిస్తూ గుర్తుచేస్తుంది.

గుంపస్వామిది మేసీ. ఎరుపు.
సంకిలి ఫ్యాక్టరీ ముందు చెరకు బళ్లు
బారులు తీరిన రాత్రుళ్లు
తొట్టెల కింద గోనెలు పరుచుకుని
ఇద్దరికీ అదే గొడవ:
"నీది బురద చూస్తే మొరాయిస్తాదిరా."
"నీది డీజిలు తాగదు, జుర్రుతాది."
చెరకు ఎండి తూకం తగ్గిపోతున్నా
మాట తగ్గేది కాదు.
కొడుక్కి సంబంధం చూడ్డానికి పోయి
పెరట్లో ఎర్ర బానెట్ కనబడితే
కాఫీ ముట్టకుండా లేచొచ్చేసేడు దాలినాయుడు.

మేసీ ముసలిదైంది.
పాత ఇనుము కింద ఇచ్చేసేడు గుంపస్వామి.
ఆ రోజు నా షెడ్డు బయట బీడీ మీద బీడీ కాల్చి
వెనక్కి చూడకుండా ఆటో ఎక్కేడు.
డైనమో మాత్రం నేను ఉంచుకున్నాను.

ఆషాఢం. ఉభాలు మొదలు.
ఫోర్డు డైనమో చచ్చింది.
విశాఖలో అడిగించేను, లేదు.
విజయవాడలో నవ్వేరు.
తోటపల్లి కాలవ నీళ్లు మడిలో నిలబడి చూస్తున్నాయి.
"ఎక్కడ్నుంచైనా పట్రా,
కానీ మా కంపెనీదే కావాల," అన్నాడు.

ఆ రాత్రి తలుపు దగ్గరకేసి
మేసీ డైనమో చెవి ఆకురాయితో అరగదీసేను,
బ్రాకెట్టుకి రెండు టాకాలు వేసేను,
పావు డబ్బా నీలం పూసేను.
ఆరకముందే తెల్లారింది.

వచ్చేడు. స్టార్టు చేసేడు.
పక్కింటి మాటలు వినేవాడిలా
బానెట్‌కి చెవి ఆనించేడు.
చాలాసేపు.

"ఒరే సూరప్పడూ,
ఇందులో ఎవడిదో దగ్గు ఇనబడతంది."

వేలికంటిన నీలాన్ని లుంగీకి తుడుచుకున్నాను.

"గుంపడిదేనేటి?"

నేను మాట్లాడలేదు.

"ఆడికి సెప్పకు."
గేరు వేసేడు. మళ్లీ తీసేడు.
"రెండో పూత కూడా ఎయ్యరా,
అక్కడక్కడా ఎరుపు కనిపిస్తంది."