నాలుగు టేపు ముక్కలు

ఫర్వానియాలో, లాండ్రీకీ జ్యూస్ కొట్టుకీ మధ్య
తొమ్మిది మెట్లు దిగితే నా స్టూడియో.
శుక్రవారం మధ్యాహ్నం నుంచి
ఇస్త్రీ చొక్కాలు వరసలో నిలబడతాయి.

గొడుగు విప్పి, దీపాన్ని ముఖానికెదురుగా కాస్త పైన పెట్టి
ఒళ్ళో థర్మకోల్ పలక పట్టుకోమంటే
కళ్ళ కింది గుంటలు పూడిపోతాయి.
లెన్సుకి పాత నైలాను మేజోడు ముక్క తొడిగితే
నలభై ఎనిమిదేళ్ళ మనిషి ముప్పై ఆరు దగ్గర ఆగుతాడు.
"గడ్డం కొంచెం ముందుకు" అంటే
మెడ ముడతలు కూడా సర్దుకుంటాయి.
దానికి పావు దీనారు ఎక్కువ.

ఎదురు పని కూడా వచ్చు నాకు.
కాగితాల్లో ముప్పై రెండని రాయించుకుని దిగిన పిల్ల,
ఇరవై నిండాయో లేదో,
జడ విప్పించి ముడి వేయించి
దీపాన్ని నడినెత్తి మీదికి ఎత్తాను.
ముక్కు నీడ పెదవి మీద పడింది.
బొమ్మ కడిగి చేతికిస్తే
"మా యమ్మ మాదిరుండా" అనింది.
డబ్బులు తీసుకోలేదు. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను.

ఓబులేసు సంగతి వేరే.
వఫ్రా తోటల్లో, టమోటా గుడారాల కింద పని.
ఏడాదికి రెండు ఫోటోలు, సుబ్బరత్నకు ఉత్తరంతో పాటు.
తొమ్మిదేళ్ళూ నేను గొడుగు విప్పుతూనే ఉన్నాను.
తొమ్మిదేళ్ళూ అతను ముప్పై నాలుగు దాటలేదు.
చొక్కాలు మారాయి గానీ మీసం మారలేదు,
దాని రంగు సీసా నా అలమారాలోనే ఉండేది.

ఒక శుక్రవారం వచ్చి, స్టూలు మీద కూర్చోకుండా నిలబడ్డాడు.
"కఫీలు సరేనన్యాడు. నాలుగు నెలల్లో పోతాండా.
ఏర్‌పోర్టులో ఆయమ్మి నన్ను గుర్తు పట్టల్ల గదన్నా.
ఒక్కసారిగా చూస్తే జడుసుకుంటాది.
నెలకింత ముసలోన్ని చెయ్.
మెల్లగా అలవాటు పడతాది."

నవ్వబోయి ఆగాను.
అతని మీద ట్యూబులైటు వెలుగు తప్ప ఏమీ లేదప్పుడు.
చెంపల్లో ఎండ దున్నిన చాళ్ళు,
ఎడమ కంటి పక్కన పురుగుమందు చిట్లి కాలిన మచ్చ.
దీన్నా, ఇన్నాళ్ళూ నేను మాయం చేస్తూ వచ్చింది?

మొదటి నెల థర్మకోల్ తీసేసి
దీపాన్ని బెత్తెడు జరిపాను.
రెండో నెల గొడుగు మూశాను, ఇంకో జానెడు.
మూడో నెల మీసానికి రంగు వద్దన్నాడు.
దీపం చెవికెదురుగా వచ్చి నిలిచింది,
ఒక్కో ముడతా తన నీడను వెంటబెట్టుకుని లేచి కూర్చుంది.
పాత చోటా, జరిగిన ప్రతి చోటా
నేల మీద టేపు ముక్క అంటించాను, లెక్క తప్పకుండా.

జవాబు ఆలస్యంగా వచ్చింది. అతనే చదివి వినిపించాడు:
"ఆ ఫోటోలాయనకు కరెంటు బిల్లు ఎక్కువొచ్చినట్టుండాది.
లైట్లు సరింగా ఏసేది ల్యా.
నీ మొగమంతా చీకటి చేసి పెడతాండాడు.
దుడ్లు తగలెయ్యాక, ఇంకో స్టూడియో చూసుకో."

ఇద్దరం నవ్వాం. అతను ఎక్కువసేపు నవ్వాడు.
ఆ తర్వాత కాగితం మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచి
"ఇప్పుడేం జేద్దామన్నా" అన్నాడు.

నాలుగో నెల దీపమే వెలిగించలేదు.
పైమెట్టు మీద కూర్చోబెట్టాను, సాయంత్రం నాలుగున్నర,
గాలిలో దుమ్ము, వెనక లాండ్రీ బోర్డు సగం.
చొక్కా గుండీ ఒకటి ఊడి ఉంది, చెప్పలేదు.
గడ్డం ముందుకు పెట్టమనీ అనలేదు.
ఆ ఫోటో ముందు చేరిందో, అతనే ముందు చేరాడో
నాకు తెలియదు.

టేపు ముక్కలు నేల మీద అలాగే ఉన్నాయి.
మూడోది మొన్న ఎవరో పిల్లాడి బూటుకి అంటుకుని
మెట్లెక్కి వెళ్ళిపోయింది.
మిగతా వాటిని తొక్కకుండా
చుట్టూ తిరిగి కెమెరా దగ్గరికి వెళ్ళడం అలవాటైంది.