ముప్పై సెకండ్లు

సినిమాల కంజుపిట్టకు గొంతు నాది.
నాకప్పుడు పన్నెండేండ్లు.
వనపర్తి హాస్టల్ నుంచి భూమన్న సారు
నన్ను బస్సెక్కించి పట్నం తీస్కపోయిండు.
గోడలకు పరుపులు కుట్టిన గది.
చెవులకు డొప్పలు పెట్టి
"నీళ్లు దొరికినట్టు పాడురా" అన్నరు.
అది నాకు నేర్పాల్నా?
మా తండాల బోరింగు
మూడో బిందెకు దగ్గి ఆగిపోయేది,
నాలుగో బిందె నిండిన రోజు
మా యాడి ఎట్ల నవ్విందో అట్ల పాడిన.

బొమ్మకింకా రంగు పడలే.
ఉత్త పెన్సిలు గీతలు.
నేను నోరు తెరిస్తే అది ముక్కు తెరిచేది.
ఎవల గొంతుల ఎవలున్నరో
ఆ గదిల ఎవలు అడగలే.

హాస్టలంతా లైను కట్టి సినిమాకు పోయినం.
ఆఖర్ల పేర్లు పడ్డయి,
నేనావత్ దేశ్యా అని వచ్చేలోపే
టాకీసోడు లైట్లేసిండు.

రెండేండ్లకు టీవీల సీరియలన్నరు.
అదే గది, అవే డొప్పలు.
నేనొక్క మాట అన్న.
అద్దం అవతలాయన
చాయ్ గ్లాసు కింద పెట్టి
"పెద్దోడివైనవ్ బిడ్డా" అన్నడు.
నాకది మెచ్చుకున్నట్టే అనిపించింది,
బస్సు కిరాయి చేతిల పెట్టేదాక.

సీరియల్ల పాటలు తక్కువ, పరుగులు ఎక్కువ.
సినిమా ఆఖర్ల పడ్డ వాన
మొదటి భాగంలనే ఇంకిపోయింది.
కథ సాగాలె గద.
పిట్టకు వేరే పిలగాని గొంతు.
వాడు మంచిగనే మాట్లాడెటోడు, అబద్ధమెందుకు.
గాని పేర్లు పడేటప్పుడు పాత పాటనే ఉంచిండ్రు.
సాయిలు ఇస్త్రీ డబ్బా కాడ నిలబడి
రోజు ఐదున్నరకు
ముప్పై సెకండ్లు నన్ను నేను విని
తర్వాత ఇంటికి పోయెటోన్ని.

ఇప్పుడు అచ్చంపేట డిపోల కండక్టర్ని.
డిండి దాటినంక
ఓ పిల్ల తల్లి ఒడిల ఫోను పట్టుకొని కూసుంది.
తల్లికి జీరో టికెట్ కొడుతుంటే
ఫోన్లకెంచి నాలుగో బిందె నిండింది.
నేను అలవాటుగా
"వంగూరు గేటూ..." అని అందుకున్న.
ఆ పిల్ల తలెత్తి
"కండక్టరన్నా, జర సప్పుడు చెయ్యకు,
పాటొస్తుంది" అన్నది.

చెయ్యలే.

గేటు దాటి అర కిలోమీటరు పోయినంక
గంపతోటి ఓ అవ్వ లేచి
నన్ను ఏడు తరాలకు సరిపడ తిట్టింది.
తిట్టనీ. నిజమే,
నా నోట్లె ఏమన్న పడ్డదా అంటే
ఏం చెప్పాలె?