కదలని వైపు

తొమ్మిదో రోజున
పొదుగు మీదున్న పెట్టని కుక్క పీక్కుపోయింది.
గంపలో పదకొండు గుడ్లు, ఇంకా వెచ్చగా.
మందులషాపు చెంచయ్య, ఇన్సులిన్ వచ్చే తెల్ల పెట్టె ఇచ్చాడు.
నేను ఏకిన దూదే అందులో పరిచి
నలభై వోల్టుల బల్బు వేలాడదీశా, మూలన గిన్నెడు నీళ్లు.
థర్మామీటరు మాత్రం ఒకటే.
అమ్మ చంకలోంచి తీసి, విదిలించి, పెట్టెలో.
పెట్టెలోంచి తీసి, తుడిచి, అమ్మ చంకలో.

గుడ్లకి ఒకపక్క బొగ్గుగీత, ఇంకోపక్క సున్నా.
ఆరింటికి గీత పైకి, రెండింటికి సున్నా,
రాత్రి పదింటికి మళ్లీ గీత.
అవే టైములకి అమ్మని కుడికి, వెల్లకిలా, ఎడమకి.
ఆ పరుపు కుట్టింది నేనే.
ఎక్కడ ఒత్తుకుంటుందో నాకు తెలుసనుకున్నా.

అన్న మస్తాను పద్నాలుగేళ్లు చీమకుర్తి రాయి కోశాడు.
ఒంగోలు రిమ్స్‌లో తీసిన ఎక్స్‌రే కిటికీకి పట్టి చూస్తే
గెలాక్సీ రాయే,
నలుపు మీద చుక్కలు చుక్కలు.
"ఫస్టు క్వాలిటీరా నాగూరూ, ఎక్స్‌పోర్టు సరుకు" అని
నవ్వబోయాడు.
ఆ నవ్వు సర్దుకోడానికి పావుగంట పట్టింది.

రాత్రి లైటార్పి, సెల్లు వెలుగు మీద గుడ్లు పెట్టి చూపించా.
ఎర్రటి నరాలు, నడుమ చిక్కుడుగింజంత నలుపు
ఉలిక్కిపడింది.
మూడిట్లో ఏమీ లేదు, పసుప్పచ్చ వెలుతురు తప్ప.
"లోపల ఊపిరెట్టరా?" అన్నాడు ముక్కులో గొట్టంతోనే.
పెంకుకి కంటికానని బెజ్జాలుంటాయంట, అన్నా.
చాలాసేపు గుడ్డుకేసే చూసి
"అయితే దుమ్ము పడనీబాక" అన్నాడు.

పద్దెనిమిదో రాత్రి గాలివాన.
కరెంటు పోయింది.
మా ఇన్వర్టరు ఒక్క పనే చెయ్యగలదు.
బల్బు పీకి అన్న మిషనుకిచ్చా.
ఆలోచించలేదంటే అబద్ధం,
ఒక్క రవ్వ ఆలోచించా.
అమ్మకి ఆ రాత్రి నూటొకటి.
ఎనిమిది గుడ్లూ పాతచీరలో చుట్టి
అమ్మ కుడి చంక పక్కన పెట్టా.
కదలని వైపు. పగలగొట్టని వైపు.
జ్వరం మాత్ర చేతిలో ఉంది.
నూరి, నీళ్లల్లో కలిపి, చెంచాతో పోశా.
అప్పుడు మాత్రం ఆలోచించలేదు.
గుడ్లని మాత్రం తియ్యలేదు, అమ్మని తిప్పలేదు.
తెల్లారి చూస్తే నడుం కింద
రూపాయంత ఎర్రన.

ఏప్రిల్లో పక్షవాతం అమ్మ మాటలన్నీ ఊడ్చి
"బ్బ" ఒక్కటే వదిలిపెట్టింది.
బువ్వా, నొప్పా, మంచం దించమనా?
ఆ ఒక్క గుడ్డముక్కకే రోజూ అర్థాలు అతుకేసి కుడతన్నా.

ఇరవయ్యొకటో రోజు, ఇంకా చీకటి.
పెట్టె మళ్లీ మంచం కింద, బల్బు మళ్లీ వెలుగుతా.
నాకేం వినపడలా.
అమ్మ మాత్రం తల అటు వాల్చి
"బ్బ... బ్బబ్బ... బ్బబ్బబ్బ"
ఇంటెనక నూకలు చల్లుతా పిలిచేదే, అచ్చం అట్టా.
వొంగి మూత తీస్తే
పెంకులోంచి ముక్కొకటి, గోరుచివరంత.
వాటినే పిలిచిందో, నీళ్లే అడిగిందో.
నీళ్లు కూడా పట్టా.

సాయంత్రానికి అన్నని గోడకి ఆనించి కూచోబెట్టి
దూదిలో కలిసిపోయిన వాటిని ఒళ్లో పోశా.
ఒకటి. ఊపిరి. రెండు. ఊపిరి.
అయిదు దగ్గర ఆగి నా మొహం చూశాడు.
ఆరోది, సగం బయటికొచ్చి ఆగిపోయింది,
నా జేబురుమాల్లో ఉంది.
"అంతేనా?" అన్నాడు.
మిగతావి ఇంకా తిరుగుతన్నాయి అన్నా,
తిప్పడం ఎప్పుడో మానేసిన వాటి గురించి.