మూడు పిన్నులు

కల్వకుర్తి బైపాసు మీద
మహమూద్ భాయి వెల్డింగు షెడ్డు ముందర
ఇనుమంతా ఎండల పరిచి ఉంది.
ముట్టుకుంటే చెయ్యి కాలుతది.
పర్వతాలు పొద్దటికెళ్లి రోటవేటరు చుట్టే తిరుగుతుండు,
అంగడిల కోడెను చూసినట్టు
వంగి దాని పండ్లు లెక్కపెడుతుండు.

మాది ఇరవై నాలుగు హార్సుల చిన్న బండి,
పాతదే, వెల్దండల కొన్నం.
భూమి మూడెకరాలు, పన్నెండేండ్లు పడావు.
సర్కారు తుమ్మ, పరికి కంప,
నడుమ ఎవరో మొరం తవ్వుకపోయిన గుంత,
తూర్పుకు వాలు.
"పడావు ఎందుకు పడ్డదమ్మా?" అన్నడు భాయి.
పుణె, సూరత్, ఏదో కాలువ, ఏదో కట్ట.
పన్నెండేండ్లు మేం
ఊరోళ్ల భూములు చదును చేస్తుంటిమి.

"కొత్త భూమికి రోటవేటరు వద్దు,
రాయి తగిలితే పండు ఇరుగుతది."
ఆ సంగతి నాకు ఎరుకే.
రాయి మీద పడ్డ గడ్డపార
మోచేతికెళ్లి భుజందాక ఎట్ల జల్లుమంటదో,
బండికి భుజం ఏడుందో గాని
దానికీ అంతే.

ముందు బకెట్టు చూపిచ్చిండు.
పచ్చి రంగు, ఇంకా వాసనొస్తుంది.
"నిండ ఎత్తితే ఎనక చక్రాలు తేలుతయి,
ఎనక బరువు కట్టాలె" అన్నడు.
నవ్వొచ్చింది.
నెత్తిన తట్ట, ఈపున పిల్ల,
రెండూ కలిపి మెట్లెక్కినదాన్ని,
ఎనక బరువు గురించి నాకు చెప్తుండు.

మరి తుమ్మ మొద్దులో?
గొలుసేసి గుంజితే
మొద్దు లేవదు, బండి ముందటి చక్రాలు లేస్తయి.
అచ్చంపేట దిక్కు ఒకాయన అట్లనే పోయిండంట.
చెప్పుకుంట భాయి రెండు చెవులు ముట్టుకున్నడు.
మొద్దులు జేసీబీకి ఇడుద్దాం,
గంట లెక్క, బేరం లేదు.
ఏర్లు మాత్రం మనమే ఏరుకోవాలె.
ఒక్క ఏరు మరిచినా
వానల్లకు మళ్ల అదే తుమ్మ, అదే ముల్లు,
ఎతుక్కుంట వచ్చి టైరుకే దిగుతది.

గోడకు ఆనిచ్చిన పాత బ్లేడు ఒకటి ఉండె.
ఎవరో బాకీ కింద ఇడిచిపోయిండంట.
అంచు మీద బొటనేలు పెట్టి నడిపిన.
ఎడమ దిక్కు ఎక్కువ అరిగింది.
ఒక్క దిక్కే వంచి నడిపిండు, తొందర మనిషి.
ఇనుము మంచిదే.

"గీ తుప్పుదా?" అన్నడు పర్వతాలు.
"వంచొచ్చు, తిప్పొచ్చు, ఉల్టా కట్టి నెట్టొచ్చు.
చదును అంటే గీకుడు కాదయ్యా.
మన చెలకల మన్ను నాలుగు వేళ్ల మందం,
కింద అంతా మొరం.
బ్లేడు ఒక్కపారి ఎక్కువ దిగిందా,
మన్నంతా గుంతల పడి
మొరం పైకొచ్చి పండ్లు ఇకిలిస్తది.
ముందు మీది మన్ను ఒడ్డుకు తీద్దాం.
గుంతను మొరంతోనే నింపుదాం.
అటెనక మన్ను తెచ్చి పరుద్దాం."

భాయి వెల్డింగు అద్దాలు నెత్తికి ఎక్కిచ్చి
నా దిక్కు చూసిండు.
"ఏడ నేర్చినవమ్మా?"
ఏమని చెప్పాలె.
మేస్త్రి నీళ్ల పైపు పట్టుకుంటే
ఆ కొసకు నేను నిలవడేదాన్ని.
నీళ్లు ఆగినకాడ బొగ్గుతోని గీత.
గీత నాది,
కట్ట వాళ్లది.

బ్లేడు, ఐదు పండ్ల గొర్రు, రెండే తీసుకున్నం.
బ్లేడుకు ఒక పిన్ను లేదు.
భాయి బోల్టు కోసి, రాపాడి, కొత్తది చేసిండు.
దానికి పైసలు తీసుకోలే.
పొయ్యికి మూడు రాళ్లు, బండికి మూడు పిన్నులు,
ఒకటి కదిలినా కూడు పొర్లుతది.

తొవ్వల పర్వతాలు అడిగిండు,
"మొత్తం సాపు చేద్దామా?"
"వద్దు, తూర్పుకు జానెడు వాలు ఉంచు.
వాన ఎటు పోవాల్నో
వచ్చినంక ఎతుక్కోవద్దు."

మలుపు కాడ ఒక్కపారి
ఆయన ఎనకకు మర్లి చూసిండు,
రోటవేటరు దిక్కు.
నేనూ చూసిన,
ఆయన చూడంగ కాదు.