ముప్పై రెండో సీసా

మందుల ఫ్యాక్టరీ మూతబడి పందొమ్మిదేళ్ళు.
గేటు ఎప్పుడో పాత ఇనపసామాన్ల బండెక్కిపోయింది,
తాళం మాత్రం గొలుసుతో సహా
స్తంభానికి వేలాడుతోంది.

అక్కడే కొత్త బోర్డు పాతారు. గుంత తీసింది నేనే.
నలభై ఒక్క లక్షలు, ప్రభుత్వ నిధులు,
కాలుష్య నిర్ధారణ నిమిత్తం.
ఈరమ్మ పిన్ని అక్షరాలు కూడబలుక్కుని అడిగింది:
“నిర్ధారణంటే బాగుచెయ్యడమా?”
కాదు పిన్నీ, ఉందో లేదో చూడ్డం.
“ఆ ముక్క నా గేదెనడిగినా చెబుద్ది గదరా,
మూడు ఈతలు, మూడు చచ్చిన దూడలు.”
గడ్డిమోపు ఎగదోసుకుని కాలవగట్టు పట్టి పోయింది.

తహసీన్ మేడం పొద్దున్నే గుంటూరు నుంచి జీపులో దిగుతుంది.
మా నేలంతా కాయితం మీద గళ్ళు గీసుకొచ్చింది,
గడికొక చుక్క, చుక్కకొక నంబరు.
చుక్క పడ్డ చోట నేను బర్మా దించుతాను.
నల్లరేగడి తాడులా మెలికలు తిరిగి పైకొస్తది.
ఆమె చెంచాతో సీసాలో కూరి, మూత బిగించి
ఐసుపెట్టెలో కోడిగుడ్లు సర్దినట్టు సర్దుతుంది.

రోజుకి ఏడొందలు నాకు.
ఇదే నేల మీద అప్పుడు అరవై.
మూతికి తువ్వాలు చుట్టుకుని సంచుల్లో పొడి నింపేవాళ్ళం.
ఇంటికెళ్తే మా ఆవిడ నా చొక్కాని
కర్రతో ఎత్తి దణ్ణెం మీద వేసేది.
మరియదాసు నా పక్కనే నింపేవాడు.
చివరి ఏడాది వేళ్ళు వణికి అగ్గిపుల్ల గీసుకోలేక
నా నోట్లో బీడీ అడిగేవాడు.

నాలుగో రోజు పొద్దువాలేసరికి ముప్పై ఒక్క సీసాలు.
ఇంకొక్కటే ఉంది, నిధులు అంతవరకే.
ఆఖరి చుక్క మా వాడలో చేతిపంపు పక్కన.
బర్మా భుజానేసుకుని నడుస్తుంటే
తుమ్మల దగ్గర కాళ్ళు ఆగిపోయినయి.

మేడం కాయితంలో ఆ చోటు లేదు.
గోడకవతల పోరంబోకు,
పిల్లలు వాలీబాల్ నెట్టు కట్టుకున్న చదును.
అది ఎట్లా చదునయిందో ఎరిగినవాళ్ళం నలుగురం.
ముగ్గురు సమాధుల్లో ఉన్నారు.

మూసేముందు వారం, రాత్రి పూట,
డెబ్భై రెండు డ్రమ్ములు.
లెక్క ఎందుకు గుర్తంటే
డ్రమ్ముకి అయిదు రూపాయలిచ్చారు.
తలా తొంభై.
ఆ తొంభైతో మా బుడ్డోడికి చెప్పులు కొన్నాను.
వాడి కూతురే ఇప్పుడు
నెట్టు దాటిన బంతి ఏరుకొస్తోంది.

“ఏమైంది, ఏసుపాదం?”

నోరు పెగల్లేదు కాసేపు.
కేసులో ఇరికిస్తారా, కూలి ఆపేస్తారా,
ముసలితనంలో ఇదెందుకు నాకు.
పిల్ల బంతి తెచ్చి, మట్టిచేత్తో మూతి తుడుచుకుంది.
చెప్పేశాను. నాలుగు ముక్కల్లో అయిపోయింది.
పందొమ్మిదేళ్ళు మోసింది నాలుగు ముక్కలేనా అనిపించింది.

ఆమె తిట్టలేదు.
కాయితం మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది.
“సీసా ఒక్కటే ఉంది.
అయితే ఇక్కడ, లేదంటే మీ పంపు దగ్గర.”

పంపు సంగతి వదిలెయ్యండమ్మా,
దాన్ని ఇన్నేళ్ళూ నా నాలిక మీదే పరీక్ష చేశాను.

నెట్టు విప్పించాం. పిల్లలు గొణిగారు.
బర్మా అడుగు దిగింది. రెండడుగులు.
మూడో అడుగున రేగడి రంగు తిరిగింది,
కుళ్ళిన వెల్లుల్లి వాసన గుప్పుమంది,
దణ్ణెం మీది ఆ చొక్కా వాసన.

“ఆగు.”
నా తొడుగులు బర్మా పిడికి ఎప్పుడో చిరిగినయి.
ఆమె తన పెట్టెలోంచి కొత్త జత ఇచ్చింది.
ఇరుకు. బొటనవేళ్ళు దూరలేదు.
దూరినంతవరకే తొడుక్కుని సీసా పట్టుకున్నాను.

చీటీ మీద ముప్పై రెండు అని రాసి
పెన్ను ఆపింది:
“చోటు చూపించినవాళ్ళ పేరు రాయాలి. నీది రాయనా?”

రాయండమ్మా.
జాగా మిగిలితే మరియదాసుది కూడా.
డ్రమ్ముకి అటు పక్క పట్టింది వాడే.